నీటికి ఎవరితో నెయ్యం?

చెంబెడు నీళ్లలో చెంచాడు ఉప్పు వేసి కలపండి. కాసేపటికి దాని జాడ కనిపించదు. అదే నీటిలో చెంచాడు నువ్వులనూనె పోయండి. ఎంత గిలక్కొట్టినా మళ్లీ పైకి తేలుతుంది. నూనెకు సంస్కృతంలో ‘స్నేహం’ అని పేరు. పేరు స్నేహమై ఉండి నీటితో ఈ వైరం ఏమిటి? నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. రసాయనశాస్త్రం చెప్పే మిత్రుల నడిగి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. ఆక్సిజన్ వైపు కొద్దిగా ఋణవిద్యుత్తు, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనవిద్యుత్తు. ఉప్పేమో ధన సోడియం, ఋణ క్లోరిన్ కణాల కూర్పు. నీటి అణువులు చుట్టూ మూగి ఆ కణాలను ఒక్కొక్కటిగా ఊడలాగుతాయి. 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు ఇముడుతుంది. పంచదార అయితే దాదాపు 200 గ్రాములు! పంచదారలో విద్యుత్కణాలు లేవుగాని, నీరు పట్టుకోదగిన కొసలు ఆ అణువుకు చాలా ఉన్నాయి. నూనె అణువుకు అలాంటి పట్టు బహు తక్కువ. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు, నూనెకు చోటివ్వవు.

అలాగని విద్యుత్కణాలున్నవన్నీ కరగవు. సున్నపురాయిలోనూ అవే ఉన్నాయి. కాని వాటి కౌగిలి గట్టిది. మంచినీరు దాన్ని విడదీయగలిగేది అత్యల్పం.

ఆవకాయ కారానికి నోరు మండితే నీళ్లు తాగినా తగ్గదేం? మిరప మంటకు మూలమైన పదార్థం నీటిలో సరిగా కరగదు. పెరుగో, నెయ్యో నయం.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. బి1 విటమిన్ నీటిలో కరుగుతుంది. తెల్లగా మరపట్టిన బియ్యంలో అది మొదలే తక్కువ. ఉన్న కాస్తలో చాలా భాగం కడుగులోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. మన ఇళ్లలో ఆ పుష్టి కుడితితొట్టిలో చేరి గేదెకు దక్కేది! అది బాగా లోపిస్తే బెరిబెరి వస్తుంది. జావాలో తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడడం గమనించి దారి చూపిన డచ్చి వైద్యుడు ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

ఎ విటమిన్ దారి వేరు. అది కొవ్వులో కరుగుతుంది. అది లోపిస్తే పిల్లలకు రేచీకటి. మునగాకు, కారట్లలో దానికి మూలమైన పదార్థం పుష్కలం. కాని తిండిలో చమురు బొత్తిగా లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

కనుక బియ్యాన్ని అదేపనిగా కడగకండి, అత్తెసరు పెట్టండి. వారిస్తే ఆ గంజి పిల్లలకు ఉప్పేసి ఇవ్వండి. ఆకుకూరకు మాత్రం చెంచాడు నూనెతో పోపు మరవకండి.