ఆటగానిని పోటీదారునకు విక్రయింపరేల?

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో తిరునాళ్లకు జరుగు బండలాగుడు పందెములను మన సోదరీమణులలో పెక్కుమంది చూచియే యుందురు. పళ్లను బట్టి ఎడ్లను తరగతులుగా విభజించి, నిర్ణీతకాలములో బండను ఎక్కువ దూరము లాగిన జతకు బహుమానము నిత్తురు. గెలిచిన జతను కొనుటకు దూరదేశపు రైతు వచ్చినచో యజమాని బేరమునకు కూర్చుండును. ఏటేట తనతో పోటీపడు పొరుగూరి రైతే వచ్చెనా, రెట్టింపు వెల పలికినను తల యూపడు. ఇల్లాలు అసలే యొప్పుకొనదు. కుడితి పెట్టి సాకినది ఆమెయే గదా!

ఫుట్‌బాలు సంఘముల పట్టుదలయు ఇట్టిదే. ఆటగాడు కొన్ని యేండ్లకు సంఘముతో ఒడంబడిక చేసికొనును. గడువు తీరకమున్నే యతనిని వేరొక సంఘము కోరినచో, ఆ ఒడంబడికను వదలుకొనుటకు మొదటి సంఘము పుచ్చుకొను సొమ్మునే వెల యందురు.

ఇందలి లెక్క యిల్లాండ్రకు సులభముగా బోధపడును. రెండు జట్లకు చెరి 50 పాయింట్లు వచ్చుచున్నవనుకొందము. ఒక మేటి ఆటగాని వలన 6 పాయింట్లు లభించుననుకొందము. అతనిని పరదేశపు సంఘమునకిచ్చినచో మనకు 44, పోటీదారునకు 50, అంతరము 6. పోటీదారునకే యిచ్చినచో మనకు 44, వానికి 56, అంతరము 12. పుచ్చుకొన్న సొమ్ము ఒకటే, నష్టము రెండింతలు. అభిమానుల మనస్తాపము దీనికి అదనము.

అయినను నిరాకరణమునకు హద్దు కలదు. జర్మనీ దేశపు డార్ట్‌మండు సంఘము 2013లో తన మేటి ఆటగాడు లెవాండోవ్‌స్కీని ప్రత్యర్థియైన బయర్న్ మ్యూనిక్ సంఘమునకు విక్రయింప నిరాకరించెను. అతడు మరియొక యేడాది యాడి, 20 గోలులతో ఆ దేశపు లీగులో అగ్రగణ్యుడయ్యెను. 2014లో ఒడంబడిక తీరగానే బయర్న్‌లోనే చేరెను. డార్ట్‌మండునకు వెల యేమియు దక్కలేదు. గడువు తీరిన ఆటగానికి వెల కోరరాదని ఐరోపా న్యాయస్థానము 1995లోనే తీర్పు చెప్పియుండెను.

మన హైదరాబాదు కథ మరింత ఆలోచింపదగినది. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్సు కప్పు గెలిచెను. అచ్చట ఆటగాండ్రకు ఉద్యోగమే గాని వెల లేదు. కలకత్తాలో పెద్ద సంఘములు, వేలకొలది ప్రేక్షకులు, ఎక్కువ రాబడి యుండెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్టు బెంగాలు జట్టున చేరెను. 1966లో మహమ్మద్ హబీబు ఆ దారినే పోయెను. రహీముగారు 1963లో గతించిరి. హైదరాబాదు ప్రాభవము క్రమముగా క్షీణించెను.

ఎద్దు నోరులేని జీవము; గాటికి కట్టినచోటనే యుండును. ఆటగాడు మనుష్యుడు. ప్రత్యర్థికి ఈయనని సంఘము పట్టుపట్టుట న్యాయమే. కాని ఆ పట్టు ఒడంబడిక యున్నంతవరకే. తగిన వేతనము, ఎదుగుటకు తావు, ఆదరము ఉన్నచో అతడు తానై నిలుచును. బిడ్డలను పెంచు తల్లులకు ఈ మాట మేము వేరుగ చెప్పనక్కరలేదు.