నేలగూటి సాలెపురుగు

శ్రీకాళహస్తి కథ నెరిగిన మనకు సాలెపురుగు పరాయి ప్రాణి కాదు. ఆ క్షేత్రనామమునందలి ‘శ్రీ’ యన సాలీడే గదా! అయితే మన తెలుగువారు పలువురు కాపురముండు వెస్ట్‌మీడ్ పేటను కలుపుకొనిన సిడ్నీ మహానగర ప్రాంతమున మరియొక సాలీడు కలదు. అది చూరున గాక నేలలో గూడు కట్టును. దానిని గూర్చి తెలిసికొనుట ప్రాణరక్షణకే యవసరము.

దీని గూటివాకిలి గరాటువలె నుండును. రాళ్ళక్రింద, పుచ్చిన దుంగలక్రింద, తేమయు నీడయు గల తావుల బొరియ చేసి, లోపల పట్టుపొర పరచును. వాకిటినుండి నలుదెసల దారములు చాచును. పురుగేదైన తగిలి దారము అదరినంతనే పైకి దుమికి పట్టుకొనును. ఆడుది దాదాపు జీవితమంతయు బొరియలోనే గడపును. మగది నవంబరు మొదలు ఏప్రిల్ వరకు జోడును వెదకుచు రాత్రులందు తిరుగును; ఇండ్లలోనికిని వచ్చును. మగదాని విషమే మిక్కిలి తీక్ష్ణము. కుక్కలకు, పిల్లులకు అంతగా హాని చేయని యా విషము మనుష్యులకు ప్రాణాంతకము.

1981కి పూర్వము దీని కాటున 13 మంది మరణించినట్లు లెక్క కలదు. స్ట్రూవన్ సదర్లాండ్ అను వైద్యుడు కుందేళ్ళ సాయమున విరుగుడు మందు సిద్ధపరచెను. 1981లో దాని వాడుక మొదలైన పిదప ఒక్క మరణమును నమోదు కాలేదు.

1877లో పేరు పొందిన యీ సాలీడు ఒకే జాతియని చిరకాలము తలచిరి. 2025 జనవరిలో శాస్త్రజ్ఞులు ఇది మూడు జాతులని తేల్చిరి. అందు మిక్కిలి పెద్దది న్యూకాజిల్ పట్టణ పరిసరములలో మాత్రమే కలదు. కేన్ క్రిస్టెన్సెన్ అను సాలీళ్ళ పరిశీలకుని పేర దానికి ‘ఎట్రాక్స్ క్రిస్టెన్సెనీ’ యని నామకరణము చేసిరి. పాత విరుగుడు మందే మూడింటికిని పనిచేయును. ఇంత చిన్న తావున బ్రతుకు జాతికి అడవినేల తరిగిన వేరు దిక్కు లేదు. ఆ విరుగుడు మందుకును ఈ సాలీళ్ళ విషమే మూలాధారము. కావున కనబడిన బొరియనెల్ల త్రవ్వి పాడుచేయుట వివేకము కాదు.

అచటనున్న మన పిల్లలకు ఈ మాటలు వ్రాయుడు: బూట్లు దులిపి తొడుగవలెను, తోటపనికి చేతితొడుగులు ధరింపవలెను. కాటు పడినచో అవయవమంతటికి గుడ్డపట్టీ బిగువుగా చుట్టి, కదలకుండ బద్ద కట్టి, రోగిని నడువనీయక, వెంటనే 000కు ఫోను చేయవలెను. కోయుట, పీల్చుట కూడదు.