పెద్దలను కూర్చోబెట్టడమే సేవ కాదు



తల్లిదండ్రులకు వయసు మీద పడగానే “అబ్బాజాన్, మీరు లేవకండి, మేమున్నాం కదా!” అంటాము. ఇది ప్రేమే. అయితే కదలనివ్వని ప్రేమ వారి బలాన్ని హరిస్తుందని మనం గ్రహించాలి.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. పని లేని కండరం క్షీణిస్తుంది. కాళ్లలో పట్టు తప్పిన వృద్ధులు తూలిపడి తుంటి ఎముక విరిగితే, మంచాన పడి ప్రాణాపాయానికి లోనుకావచ్చు.

1953లో జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిపై చేసిన పరిశోధనను ప్రచురించింది. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. 65 ఏళ్లు పైబడినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, మూడు రోజులైనా శరీరం తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత చేయలేనివారికి కొద్దిపాటి కదలికైనా మేలే.

ఆయుష్షు అల్లాహ్ నిర్ణయం. శరీరం మాత్రం ఆయన మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడం మన బాధ్యత. కనుక నడవగలిగిన తండ్రిని దగ్గరి మస్జిద్‌కు బండిపై తీసుకువెళ్లే బదులు చేయి పట్టుకుని నడిపిద్దాం. అమ్మీజాన్ మొక్కలకు నీళ్లు పోస్తానంటే వారించకుందాం. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారి విషయంలో ముందుగా వైద్యుని సలహా తీసుకుందాం.

మన పెద్దలు చివరివరకు తమ కాళ్లపై తాము నిలబడే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.