రంగు తేల్చిన పట్టుచీర

పాత స్లైడ్లను స్కాన్ చేసేటప్పుడు రంగు రెండు విధాల తప్పుతుంది. మొదటి తప్పు యంత్రానిది. 1935లో వెలువడిన కోడాక్రోమ్‌లోని వర్ణద్రవ్యాలు తక్కిన స్లైడ్ ఫిల్ములలోని వాటికి భిన్నమైనవి. ఆ ఫిల్ముల కొరకు ఏర్పరచిన అమరికతో కోడాక్రోమ్‌ను స్కాన్ చేసినట్లయితే బొమ్మ నీలిఛాయకు తిరుగుతుంది. అదే రకపు ఫిల్ముపై తయారైన ‘ఐటి8’ ప్రమాణ ఫలకాన్ని ముందుగా స్కాన్ చేసి, అందులోని రంగుల గడులను తెలిసిన విలువలతో పోల్చి ప్రొఫైలు రూపొందించుకొంటే ఈ దోషం చాలావరకు తొలగుతుంది.

రెండవ తప్పు కాలానిది. దీనిని ప్రొఫైలు సరిదిద్దలేదు. స్లైడులో నేడు మిగిలిన రంగునే అది చూపుతుంది. మా అక్కగారి పెండ్లినాటి ఎక్టాక్రోమ్ స్లైడులో పట్టుచీర ఎర్రగా వచ్చినది. ఎరుపే నిజమనుకొని మేము దానిని మరింత మెరుగుపరచినాము. అక్కగారు చూచి నవ్వి, పెట్టెలోని చీర తీసి చూపినారు: వంగపండు రంగు! సయాన్ వర్ణద్రవ్యం క్షీణించగా ఎరుపు మిగిలినదన్నమాట. ఆ చీరను ప్రక్కన ఉంచుకొని మరల దిద్దినాము.

కావున సహోద్యోగులకు మా మనవి: తొలి స్కానును మార్చకుండా భద్రపరచండి. దిద్దుబాట్లు నకలుపైనే చేయండి. ఆనాటి రంగులు ఎరిగిన పెద్దలను ఇప్పుడే అడగండి.