చివరి ఆయకట్టులో కృత్రిమ మేధ

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలు (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోనివి) సాంకేతికతను ఎరిగిన తీరు వేరు, డెల్టా ఎరిగిన తీరు వేరు. బెజవాడ ఆనకట్ట 1855 నాటికే డెల్టాను తడిపింది. మెట్టకు మాత్రం, ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ వంటివారు పట్టుబట్టి సాధించిన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరగడానికే 1955 దాకా ఆగవలసి వచ్చింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన తరువాత కూడా ఎడమ కాలువ చివరి ఆయకట్టులో ఉన్న ఈ పొలాలకు నీటిమీద భరోసా చిక్కలేదు.

సాంకేతికతపై నిరాశను సిద్ధాంతంగా మలచిన పాశ్చాత్యులలో ఇద్దరి రచనలు 1954లోనే వెలువడ్డాయి. సాంకేతికత మనిషి చేతి పనిముట్టుగా ఉండిపోదని, తన తర్కం ప్రకారం తానే పెరుగుతూ పోతుందని ఫ్రాన్సులో జాక్ ఎలుల్ వాదిస్తే, అది ప్రకృతినీ చివరికి మనిషినీ కూడా వాడకానికి సిద్ధంగా పేర్చిన సరుకులా చూడడం అలవాటు చేస్తుందని జర్మనీలో మార్టిన్ హైడెగర్ అన్నారు. వారిది యంత్రం వచ్చి మింగేస్తుందన్న భయం. చివరి ఆయకట్టు వారి దిగులు అది కాదు: యంత్రం తమదాకా రాదు, వచ్చినా లాకుల తాళాలు మరెవరి దగ్గరో ఉంటాయి. ఈ రెండో నిరాశను తత్త్వవేత్తలు అంతగా పట్టించుకోలేదు, బహుశా వారెవరూ కాలువ చివర సేద్యం చేయనందువల్ల కావచ్చు.

కీడు ఉందని గుర్తించినంత మాత్రాన అది నిరాశావాదం కాదు. కారణం వెతికినా ఫలితం లేదని తీర్మానించడం నిరాశావాదం. జేమ్స్ బర్జెస్ 1882లో వెలికితీసిన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం ఏ ధర్మానికి చెందినదో ఆ ధర్మం, దుఃఖం ఉందని చెప్పి ఊరుకోక దాని కారణాన్నీ నివారణనూ కూడా చెప్పింది. నేటి యంత్రమైన కృత్రిమ మేధలోనూ కీడుకు కారణం వెతకాలంటే ముందు లోపలికి చూడనివ్వాలి. భాషా నమూనా అంటే అపారమైన పాఠ్యాన్ని చదివించి, ఒక ముక్క తరువాత ఏ ముక్క రాగలదో అంచనా వేసేలా తీర్చిదిద్దిన గణిత వ్యవస్థ. ఆ చదువంతా ‘వెయిట్లు’ అనే సంఖ్యల రూపంలో నిలిచి ఉంటుంది. వాటిని సంస్థ తన వద్దే దాచుకుంటే అది మూసిన నమూనా. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2024 అక్టోబరులో ప్రకటించిన నిర్వచనం ప్రకారం, ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోవడానికి, పరిశీలించడానికి, మార్చడానికి, పంచుకోవడానికి వీలుంటేనే అది ఓపెన్ సోర్స్. అందుకు వెయిట్లు, ప్రోగ్రాముతోపాటు ఏ పాఠ్యంతో చదివించారో తగినంత వివరంగా చెప్పాలి. మెటా సంస్థ తన ‘లామా’ నమూనా వెయిట్లు ఇచ్చినా షరతులు పెట్టినందువల్ల అది ఈ కొలతకు తూగలేదు. గుమ్మం తెరిచి వంటగదికి తాళం వేసిన ఇలాంటి నమూనాలే నేడు ఎక్కువ.

మూత వల్ల తెలుగుకు కలిగే నష్టం చిన్న లెక్కలో కనబడుతుంది. కంప్యూటర్లలో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘పెనుగంచిప్రోలు’ అన్న ఈ మెట్ట ఊరి పేరు 42 బైట్లు పడుతుంది, అదే పేరు ఇంగ్లీషు లిపిలో 15 బైట్లతో సరిపోతుంది. పాఠ్యాన్ని ముక్కలు చేసే పరికరాన్ని తెలుగును దృష్టిలో పెట్టుకొని తయారు చేయకపోతే ఒకే సంగతికి తెలుగులో ఎక్కువ ముక్కలవుతాయి, ముక్కల లెక్కన రుసుము కట్టే చోట ఖర్చూ పెరుగుతుంది. తెరిచిన నమూనాలో ఆ పరికరాన్నే మార్చుకోవచ్చు. అలాగే, 2021లో మిరప తోటలపై పడిన నల్లతామర పురుగు గురించి రైతు అడిగినప్పుడు నమూనా తప్పుడు మందు చెబితే, మూసిన దానిలో ఫిర్యాదు చేయడం తప్ప దారిలేదు. తెరిచిన దానికైతే గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థల దగ్గరి సమాచారంతో మళ్లీ తర్ఫీదు ఇవ్వవచ్చు. అయితే పెద్ద నమూనాను మొదటినుంచి తయారు చేయడానికి కావలసిన యంత్రబలం ఏ మండల కేంద్రానికీ ఉండదు గనుక, చిన్న నమూనాలే ఇక్కడి వారికి అక్కరకు వస్తాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగు విద్యార్థుల చేత తెలుగు కథలను సేకరింపజేసి, ఓజోనెటెల్‌తో కలిసి ‘చందమామ కథలు’ నమూనాను రూపొందించింది ఈ ఆలోచనతోనే.

పెనుగంచిప్రోలు పేరు పైన యాదృచ్ఛికంగా రాలేదు. అక్కడ 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే, ఇంగ్లీషులో బందీ అయి ఉన్న చరిత్రనూ విజ్ఞానశాస్త్రాన్నీ తెలుగువారికి అందించడానికి 1906లో మిత్రులతో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. తరువాత ఆయన తలపెట్టిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ సంపుటాలు అకారం దాటి ముందుకు సాగకముందే 1923లో కన్నుమూశారు. ఆశావాది అయినా కాకపోయినా, ఆ పని తన జీవితకాలంలో ముగియదని అంత పరిశ్రమించిన పండితునికి తెలియకపోదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, చక్కగా కృషి చేసిన రచయితలకు ఆయన పేరిటే పురస్కారం ఇచ్చింది.

ఆ వికీపీడియాలోని పాఠ్యం మూలాన్ని పేర్కొనాలని, దానిపై ఆధారపడిన రచననూ అదే షరతుతో పంచుకోవాలని చెప్పే లైసెన్సు కింద ఉంది. వికీపీడియా పాఠ్యాన్ని చదివే పెరిగిన నమూనాలలో మూసినవీ ఉన్నాయి. జీతం లేకుండా రాసినవారి పేర్లు వాటి జవాబులలో కనబడవు. ఈ షరతు చదివించడానికి ఎంతవరకు వర్తిస్తుందన్న వివాదం ఇంకా తేలలేదు.