పాత జీపునకు డీజిలు ఇంజను

యంత్రముల మాట పురుషులదనియు, వంటింటి మాట స్త్రీలదనియు మనలో ననేకులు తలంతురు. కాని వ్యవసాయము గల కుటుంబములలో నొక బండికై చేసెడు వ్యయము వంటింటి బియ్యపు డబ్బా వఱకును వచ్చి తగులును. పోచంపాడు మొదలు బోధను వఱకు గల యీ ప్రాంతమున పాత జీపుల నుంచుకొన్న యిండ్లు నేటికిని గలవు. అట్టి యింటి యజమాని పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టింతుననినపుడు ఇల్లాలు ఏమేమి యడుగవలయునో తెలుపుటయే మా యుద్దేశము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యముల కొఱకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆఱు లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి. యుద్ధము ముగిసిన పిదప, 1940ల చివర, బొంబాయిలో మహీంద్రా వారు విల్లీసు జీపులను కూర్చుటకు బూనుకొనిరి. ఇంజను బలము నాలుగు చక్రములకును అందుట యీ బండి విశేషము. 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింది చెఱకు తోటలలోను, 1963 జూలై 26వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు కాలువ గట్లమీదను, వానకాలమున కారు దిగబడిపోవు నల్లరేగడి బురదలో జీపు సాగిపోవును. పాతదైనను దానిని వదలుకొనుటకు రైతులకు మనసొప్పకుండుట యిందువలననే.

బోధనే పూర్వపు ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని జంపినది యిచ్చటనే యనియు ఐతిహ్యము గలదు. పాత జీపునందలి 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఆ బకుని వంశమున బుట్టినదేమో యని మాకు తోచును. ఎంత పోసినను దానికి చాలదు. 1973లో అరబ్బు దేశములు చమురును బిగబట్టుటతో ప్రపంచమంతట ధరలు మండిపోయినవి. ఆ దశాబ్దముననే మహీంద్రా వారు తమ జీపులలో ట్రాక్టరు జాతి డీజిలు ఇంజనుల నమర్ప మొదలిడిరి. 1980లలో ఫ్రెంచి ప్యూజో కంపెనీ నమూనా ఇంజనులు వచ్చినవి. షెడ్డులలోని మేస్త్రీలును ఆ దారి బట్టి, ఇతర వాహనములనుండి తీసిన డీజిలు ఇంజనులను పాత జీపులకు బిగించు విద్య నలవఱచుకొనిరి. మెటడోరు వ్యాను ఇంజను వీనిలో పేరొందినది.

ఈ రెండింటికి గల భేదమును మనము వంటింటిలోనే తెలిసికొనవచ్చును. పెట్రోలు పొయ్యివంటిది, అగ్గిపుల్ల గీచినగాని రాజుకొనదు. ఆ ఇంజనులో విద్యుత్తు నిప్పురవ్వ యే అగ్గిపుల్ల. డీజిలు పోపువంటిది. నూనె తగినంత కాగినపుడు ఆవాలు వేసినచో నిప్పు తగులకయే చిటపట పేలునుగదా! డీజిలు ఇంజనులో గాలిని పదునాఱు మొదలు ఇరువది రెట్ల వఱకు కుదించి నొక్కుదురు. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుట మనమెఱిగినదే. ఆ విధముగనే యిచ్చటి గాలి యైదువందల డిగ్రీలకు మించి వేడెక్కును. అందు సన్నని తుంపరగ జిమ్మిన డీజిలు తనంతట తానే మండును. ఈ యంత్రమును కనిపెట్టిన రుడాల్ఫు డీజిలు 1897లో జర్మనీలోని ఆగ్సుబర్గున దీనిని నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున నిట్టి ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపిరి!

ఇంత గట్టిగ నొక్కవలసియుండుటచే డీజిలు ఇంజను దళసరిగను బరువుగను ఉండును. దాని గుణములును గొప్పవియే: నూనె తక్కువ త్రాగును, మెల్లగ తిరుగునపుడును బరువును లాగును, నిప్పురవ్వతో పనిలేదు గావున, వాగు దాటునపుడు తీగలు తడిసి ఆగిపోవు బెడద దానికి లేదు.

అయినను గుఱ్ఱమును మార్చినంత మాత్రమున రథము బాగుపడదు. నలోపాఖ్యానమున బాహుకుడు బక్క గుఱ్ఱములను ఏఱుకొన్నపుడు ఋతుపర్ణుడు సందేహించెను. కాని యా సారథికి గుఱ్ఱముల లక్షణమే కాక రథమునకు తగినవేవో కూడ తెలియును. మన షెడ్డులలో నట్టి బాహుకులు కొందఱే. ఇంజను వెనుక బెజ్జములు జీపు గేరుబాక్సు బెజ్జములతో కలియవు; కాబట్టి నడుమ దళసరి యుక్కు పలకను లేతు మిషనుపై కోయించి యమర్తురు. రెండు వైపుల తిరుగు కడ్డీలు ఒకే గీతలో నుండవలయును. వెంట్రుకవాసి తప్పినను క్లచ్చు అరుగును, బేరింగులు చెడును. బరువు పెరిగినందున ముందరి కమాను పట్టీలు క్రుంగును. ఇంజను అదురునకు తగిన రబ్బరు దిమ్మెలు వేయకున్నచో చట్రము బీటలు వాఱును.

మఱియొక సంగతి. విల్లీసు తరహా జీపులలో గేరుబాక్సునుండి వచ్చు కడ్డీ సుమారు 5.38 మార్లు తిరిగిన చక్రము ఒక్కమారు తిరుగును. వడిగ తిరుగు పెట్రోలు ఇంజనునకు తగిన లెక్క యిది. డీజిలు ఇంజను అంత వడిగ తిరుగజాలదు. గావున రహదారిపై ఇంజను కేకలు వేయుచుండును గాని బండి నత్తనడక నడచును. ఇరుసులోని పండ్ల చక్రములను ముందు వెనుకల సమముగ మార్పించినగాని యీ లోపము తీఱదు. పాత జీపులలో ఆఱు వోల్టుల విద్యుత్తు కలవానికి పండ్రెండు వోల్టుల యమరిక కావలయును. ఇంజను పీల్పుతో నాడెడు పాత వైపరు, డీజిలు ఇంజనులో నా పీల్పు లేనందున, నడివానలో కదలక నిలిచిపోవును. వైపరు వంటి చిన్న వస్తువును మేస్త్రీ మఱచును. అద్దము కానరాక తిప్పలు పడునది ప్రయాణము చేయు మనమే.

అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. మాకు బాగుగ తెలిసిన యొక చెఱకు రైతు కుటుంబమున నిట్టి మార్పు చేయించిరి. ఉన్న సొమ్మంతయు ఇంజనునకే పోయినందున బ్రేకులు పాతవే యుండనిచ్చిరి. ఒకనాడు పిల్లలతో కాలువ గట్టు దిగుచుండగ బండి ఆగక, ప్రక్క చేని గట్టునకు కొట్టుకొని నిలిచినది. దైవవశమున ప్రాణములకేమియు కాలేదు. మరునాడు ఆ యిల్లాలు తన చేతి గాజులు తీసి మగని ముందుంచి, "బండి పరుగెత్తుటకు మీరు ఖర్చు చేసితిరి, ఆగుటకు నేను చేసెదను" అనినది. ఆ మాటను ప్రతి గృహిణియు గుర్తుంచుకొనవలయును.

ఇక చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఇంధనమును మార్చుటకు నియమములననుసరించి యమర్చు సామగ్రికి మాత్రము కొంత వెసులుబాటు గలదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ కట్టుబాటును మఱింత గట్టిగ జెప్పినది. ఇంజను మార్చినచో పదునాలుగు దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలయును. పత్రములో పెట్రోలనియు బండిలో డీజిలనియు నున్నచో ప్రమాదమైన నాడు భీమా సొమ్మునకు చిక్కు వచ్చును. కాబట్టి మొదటి బోల్టు విప్పకముందే రవాణా కార్యాలయమునుండి అనుమతి వ్రాతమూలముగ పొందవలయును. అనుమతి రానిచో ఆ తలంపు మానుటయే మేలు. "అందఱును చేయించుచునే యున్నారు" అను మేస్త్రీ మాట పత్రము కాజాలదు.

చివర లెక్క చూతము. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకొందము. జీపు లీటరు పెట్రోలుకు 8 కిలోమీటర్లు, డీజిలుకు 12 కిలోమీటర్లు నడచుననుకొందము. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు బండికి పెట్రోలు ఖర్చు 8,025 రూపాయలు, డీజిలు ఖర్చు 4,800, మిగులు 3,225. మార్పిడికి లక్షన్నర యగునేని నాలుగేండ్లకు ఆ సొమ్ము తిరిగి వచ్చును. నెలకు 200 కిలోమీటర్లే తిరిగినచో మిగులు 1,075 మాత్రమే. లక్షన్నర రాబట్టుటకు పదునొకండేండ్లకు పైగా పట్టును. పూర్వము ప్రభుత్వము డీజిలు ధరను తగ్గించి యుంచెడిది. 2014 అక్టోబరులో ఆ కట్టడి తీసివేసిరి. తాతలనాటి లాభపు లెక్క నేడు చెల్లదు.

కావున సోదరీమణులారా, బండి షెడ్డునకు పోవుటకు ముందే నాలుగు ప్రశ్నలడుగుడు: నెలకెంత దూరము తిరుగును? బ్రేకులకును కమానులకును సొమ్ము వేఱుగ నుంచితిరా? ఇరుసు లెక్క చూచితిరా? అనుమతి పత్రమేది? ఈ నాలుగింటికి తగిన జవాబు వచ్చినచో నిరాటంకముగ మార్పింపుడు. నల్లరేగడిలో ఆ బండి మీ యింటికి మేలే చేయును. ఏ యొక్కదానికి జవాబు లేకున్నను, పాత ఇంజనునే బాగుచేయించుకొని యా లక్షన్నరను పిల్లల చదువునకు దాచుడు.