గ్యాప్ సర్టిఫికెట్

డిగ్రీలో చేరడానికి పోయినప్పుడు కాలేజీలో క్లర్కు నా కాయితాలన్నీ తిరగేసి, "ఇంటరు పాసై నాలుగేండ్లయింది గదా, ఈ నాలుగేండ్లు ఏం జేసినవ్?" అని అడిగిండు. సెంట్రింగు పని చేశానని చెప్పాను. "అట్ల నోటితోని చెప్తె గాదు, గ్యాప్ సర్టిఫికెట్ తేవాలె" అన్నడు. కోర్టు ముందు కూచునే నోటరీ దగ్గరికి పోతే, ఆయన దగ్గర మ్యాటరు ముందే టైపు చేసి ఉంది. అందులో నా పేరు, మా నాయిన పేరు, ఊరి పేరు చేర్చి చేతికిచ్చాడు. ఈ కాలంలో నేను ఏ కాలేజీలోనూ చదవలేదని, ఏ నేరంలోనూ పాల్గొనలేదని, ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నానని అందులో ఉంది. నాలుగేళ్ళు స్లాబులకు చెక్కలు కొట్టి, చెల్లె పెండ్లి అప్పులో సగం తీర్చినవాణ్ణి, 'ఖాళీగా ఉన్నాను' అన్న మాట కింద సంతకం పెట్టాను. సీటు కావాలి మరి.

ఆ కాయితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చదువు ఆగిపోయి, పెద్దయ్యాక మళ్ళీ చదవాలనుకున్న దళితులకు ప్రభుత్వం చేసే ఆర్థిక సహాయం గురించి రాద్దామని కూచుంటే ముందుగా అదే గుర్తొచ్చింది. ఎందుకంటే మన స్కాలర్‌షిప్ నిబంధనలన్నీ ఆ క్లర్కు అడిగిన ప్రశ్ననే అడుగుతాయి. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ ఎక్కడా ఆగకుండా మెట్లెక్కినట్టు ఎక్కే పిల్లవాణ్ణి మనసులో పెట్టుకుని అవి తయారయ్యాయి. అట్లా ఎక్కేది ఎవరి పిల్లలో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర అన్నిటికన్నా పెద్దది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. ఇది స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. దాని వెనక అంబేద్కర్ ఉన్నారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా చేరిన కొద్ది నెలలకే, అక్టోబరులో, ఆయన షెడ్యూల్డు కులాల కష్టాల మీద ఒక మెమొరాండం ఇచ్చారు. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు లక్షలిస్తున్న సర్కారు మా పిల్లలకు ఎందుకివ్వదని నిలదీశారు. అట్లా వచ్చిన స్కీము అది. మన ఇండ్లలో మొదటి గ్రాడ్యుయేటు అనేవాడు ఎవడున్నా వాడి వెనక ఈ డబ్బు ఎంతోకొంత ఉంటుంది. నేనూ దాని మీదే చదివాను కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ దాని షరతుల్ని చదవాలి.

దశాబ్దాలుగా ఈ స్కీము మార్గదర్శకాల్లో ఉంటూ వచ్చిన కొన్ని మాటలు చూడండి. ఒక స్థాయి చదువు పూర్తిచేసినవాడు అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే అర్హుడు కాడు: బి.ఏ. చదివి మళ్ళీ బి.కాం.లో చేరితే డబ్బు రాదు. ఒక వృత్తి కోర్సు చేసి ఇంకో వృత్తి కోర్సుకు మారినా అంతే: బి.ఇడి. అయ్యాక లా చదువుతానంటే కుదరదు. పూర్తికాలపు ఉద్యోగం చేస్తున్నవాడికి కూడా ఇవ్వరు, కోర్సు నడిచినన్నాళ్ళూ జీతం లేని సెలవు పెట్టి చదివితే మాత్రం ఇస్తారు.

ఈ కొలత పెట్టి అంబేద్కర్ చదువునే కొలిచి చూద్దాం. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913లో కొలంబియాకు పోయి 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. 1916లో లండన్ చేరి చదువుతుండగానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి, 1917లో మధ్యలో వదిలేసి రావాల్సి వచ్చింది. ఆయన చదువులోనూ గ్యాప్ ఉందన్నమాట. నాలుగేళ్ళలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించడానికి లండన్ విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ చేసిన సాయం, మిత్రుడు నావల్ భతేనా దగ్గర తెచ్చిన అప్పు, ఈ మూడూ కలిపి 1920లో 29 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. అంతకుముందే ఎం.ఏ. ఉంది కాబట్టి మన లెక్కలో అది 'అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు'. పైగా బారిస్టరు చదువు కూడా. ఈ స్కీము దేశంలోపలి చదువులకే అనుకోండి, అయినా సూత్రం సూత్రమే. స్కీము తెచ్చిన మనిషే దాని కింద అప్లికేషను పెట్టుకుంటే రిజెక్టు అయ్యేవాడు.

ఇంకో నిబంధన నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. తల్లిదండ్రుల్లో ఎవరు బతికున్నా వాళ్ళ ఆదాయమే లెక్కలోకి తీసుకోవాలి. పెళ్ళయి ఉద్యోగం లేని స్త్రీ అయితే భర్త ఆదాయం. 36 ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, బడికి పోయే తన కొడుకుతో పాటు తానూ చదువుతానంటే, వాళ్ళ నాయిన ఆదాయం సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి. అతని మీద ఆధారపడిన ఇద్దరు పిల్లలకు మాత్రం ఆ దరఖాస్తులో గడి ఉండదు. వయసు గీత సంగతి సరేసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధనల్లో ఎస్సీ, ఎస్టీలకు 34 ఏళ్ళ దగ్గర గీత గీశారు.

అయితే పనిచేసుకుంటూ దూరవిద్యలో చదవొచ్చు కదా అనొచ్చు. నిజమే, ఆ దారి మన దగ్గరే మొదలైంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. బస్సు కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు దాని తలుపు నుంచే డిగ్రీలోకి వచ్చారు. కేంద్ర మార్గదర్శకాలు దూరవిద్య విద్యార్థికి కోర్సు ఫీజు, పుస్తకాలకు కొంత ఇవ్వమనే చెబుతూ వచ్చాయి. 2010 సవరణలో పుస్తకాలకు ఏడాదికి 1200 రూపాయలు. కానీ ఆంధ్రప్రదేశ్ 2019లో జగనన్న విద్యాదీవెన తెచ్చినప్పుడు దూరవిద్యలో, కరస్పాండెన్సులో చదివేవాళ్ళు అర్హులు కారని రాసింది. రెగ్యులరు కోర్సుకు 75 శాతం హాజరు కావాలి. పని మానుకుంటే తిండి లేదు, మానుకోకపోతే హాజరు లేదు. హాజరు అడగని చదువుకేమో డబ్బు లేదు.

డబ్బయినా ఎంతని? 2021 నుంచి అమలైన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మామూలు డిగ్రీ చదివే డే స్కాలర్‌కు ఏడాదికి 3000 రూపాయల అకడమిక్ అలవెన్సు, హాస్టల్లో ఉంటే 6000. ఇంట్లో ఉండే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి అది పుస్తకాల ఖర్చు అవుతుందేమో. సంసారం ఉన్న కూలికి హైదరాబాదులో అది వారం సంపాదన కూడా కాదు.

ఇది తప్ప ఇంకో రకంగా ఆలోచించిన ప్రభుత్వమే లేదా అంటే, ఉంది. సరిగ్గా అదే 1944లో, జూన్ 22న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. జీ.ఐ. బిల్లు అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు చదువు, వృత్తి శిక్షణ, ఇంటి అప్పుకు పూచీ ఇచ్చే చట్టం. కాలేజీ ఫీజుకు ఏడాదికి 500 డాలర్ల దాకా, బతకడానికి నెలకు 50 డాలర్లు, ఆధారపడినవాళ్ళుంటే 75. సంసారి అని గుర్తించింది, చూడండి. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటుంది. సైన్యంలో చేరేనాటికి 25 ఏళ్ళు దాటని ప్రతివాడి చదువూ యుద్ధం వల్లే ఆగిపోయినట్టు చట్టమే అనుకుంటుంది, రుజువు అడగదు. 25 దాటినవాళ్ళు మాత్రం రుజువు చూపాలి. 1945 డిసెంబరు సవరణతో ఆ షరతూ తీసేశారు. అంటే మధ్యలో పోయిన ఏళ్ళు సైనికుడి తప్పు కాదు, దేశం అతనికి పడిన బాకీ. 1956 నాటికి దాదాపు 78 లక్షల మంది ఈ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. అందులో 22 లక్షల మంది కాలేజీలకే పోయారు.

ఇక్కడే ఆగితే మనం కథలో సగమే చెప్పుకున్నట్టు. అదే యుద్ధంలో నల్లజాతి సైనికులూ పోరాడారు. చట్టంలో రంగు ప్రస్తావన లేదు. కానీ ప్రతినిధుల సభలో ఆ బిల్లును నడిపిన కమిటీ అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన జాన్ ర్యాంకిన్, పచ్చి జాత్యహంకారి. అమలు రాష్ట్రాల, స్థానిక ఆఫీసుల చేతిలోనే ఉండాలని పట్టుబట్టి సాధించుకున్నాడు. దక్షిణాదిలో విశ్వవిద్యాలయాలు తెల్లవాళ్ళవి. నల్లవాళ్ళ కాలేజీలు కొన్నే, వాటిలో సీట్లు చాలక వేలమంది వెనక్కిపోయారు. అప్పుల సంగతికొస్తే, మిసిసిపీలో 1947లో ఈ చట్టం పూచీతో ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి 2. చరిత్రకారుడు ఐరా కట్జ్‌నెల్సన్ 2005లో దీని మీద పుస్తకమే రాశాడు. చట్టం కాయితం మీద ఎంత బాగున్నా, కౌంటరు అవతల కూచున్నవాడి చేతిలో అది ఏమవుతుందో ఆ 2 అనే అంకె చెబుతుంది. కౌంటరు అంటే ఏమిటో మనకు తెలీనిది కాదు.

పాత పని మాని కొత్త పనికి మారేవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే సాయం వేరే ఉంది. చేతులతో మలం ఎత్తే పని నుంచి బయటపడేవాళ్ళకు 2013 చట్టం తర్వాత కుటుంబానికి ఒక్కసారి 40,000 రూపాయలు, రెండేళ్ళ దాకా శిక్షణ, ఆ కాలంలో నెలకు 3000 రూపాయల స్టైపెండు అన్నారు. 2013, 2018 సర్వేల్లో గుర్తించింది 58,098 మందిని. నగదు వాళ్ళకు చేరిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. శిక్షణ పొందినవాళ్ళు, వాళ్ళ పిల్లల్ని కలుపుకున్నా, అందులో సగం లేరు. 2020-21లో వచ్చిన పీఎం-దక్ష్ పథకం 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళకు శిక్షణ ఇస్తూ, పనిలో ఉన్నవాళ్ళు నైపుణ్యం పెంచుకోవడానికి వస్తే పోయిన కూలికి 2500 రూపాయల పరిహారం ఇస్తానంది. పోయిన కూలిని లెక్కలోకి తీసుకున్నారు, అది మెచ్చుకోవాలి. కానీ ఆ శిక్షణ 32 నుంచి 80 గంటలది. 45 ఏళ్ళ మనిషికి 80 గంటల నైపుణ్యం అయితే ఇస్తాం, మూడేళ్ళ డిగ్రీకి మాత్రం కూలి పరిహారం ఇవ్వం అన్నట్టుంది వ్యవహారం. మనవాళ్ళు పని మారొచ్చు గానీ చేతిపని నుంచి చేతిపనికే మారాలని ఎవరు తీర్మానించారు?

2020 డిసెంబరులో పోస్ట్ మెట్రిక్ స్కీమును మార్చినప్పుడు కేంద్ర మంత్రివర్గం ఒక సంగతి ఒప్పుకుంది. పది తర్వాత చదువు సాగించలేకపోతున్న నిరుపేద విద్యార్థులు 1.36 కోట్ల మంది ఉంటారని, వాళ్ళను ఐదేళ్ళలో ఉన్నత చదువుల్లోకి తేవాలని అంచనా వేసింది. మరి ఆ ఐదేళ్ళకు ముందు మానేసినవాళ్ళు? ఇటుక బట్టీలకు పోయినవాళ్ళు, పద్దెనిమిదికే పెళ్ళిళ్ళయిన ఆడపిల్లలు, మా అక్కలాంటివాళ్ళు? వాళ్ళ చదువు ఎందుకు ఆగిందో వాళ్ళే రుజువు చేసుకోవాలా, కులమూ కూలీ ఆపేశాయని చట్టమే ముందుగా అనుకోవాలా? సంఘాలు అడగాల్సింది ఈ రెండో మాట అని నా అభిప్రాయం. అది ఒప్పుకుంటే వయసు గీత, దూరవిద్య మినహాయింపు, నాయిన ఆదాయం సర్టిఫికెట్ వేటికవే నిలబడవు.

అందాకా విద్యార్థులకు ఒక చిన్న సంగతి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు జీతం లేని సెలవు ఉత్తర్వు కాపీ దరఖాస్తుతో పాటే పెట్టండి, తర్వాత ఇస్తామంటే ఫైలు అక్కడే పడి ఉంటుంది. గ్యాప్ సర్టిఫికెట్ నోటరీ టైపు చేసిచ్చినట్టే తీసుకోవాలని ఎక్కడా లేదు, అది మీరు చేసే ప్రమాణం. పోయిన ఏడు ఒక తమ్ముడు పీజీలో చేరుతూ నన్ను వెంట తీసుకుపోయాడు. 'ఖాళీగా ఉన్నాను' అన్న చోట 'పత్తి మిల్లులో రోజుకూలీగా పనిచేశాను' అని రాయమన్నాం. నోటరీ "ఫార్మాట్ల అట్ల ఉండదు" అన్నడు. కొత్తగా టైపు కొట్టించినందుకు ఇంకో యాభై తీసుకున్నాడు. కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదు, ముద్ర వేసి తీసుకున్నారు.